చదవకుండానే చదివి వినిపించిన కాగితం

మా మేడమ్ ప్రతి కొత్త పేషెంటుకూ ఒక కథ చెప్పేది. చేతికి పట్టీ చేయడానికి వేడి నీళ్లలో వేసిన ప్లాస్టిక్ రేకు పచ్చి అప్పడంలా మెత్తబడగానే దాన్ని తీసి, ఆ మనిషి చేతికి అద్ది, చల్లారి గట్టిపడేదాకా పట్టుకుని కూర్చోవాలి. ఆ కాసేపట్లో చెప్పేది.

"ఇదివరకు ఒకతను వచ్చాడండీ. మగ్గం పని చేసే కుర్రాడు. బంగారం లాంటి చెయ్యి. ఆపరేషన్ చేసి, వేళ్లను లాగే టెండన్లు తెగితే కుట్టాక నా దగ్గరికి పంపారు. అన్నీ చెప్పాను, కాగితం మీద రాసి కూడా ఇచ్చాను. ఏం చేశాడో తెలుసా? యూట్యూబ్‌లో ఏదో చూసి బంతి పిసికాడు. కుట్టింది కాస్తా తెగిపోయింది. మీరు మాత్రం అలా చేయకండి."

వినేవాళ్లు అయ్యో అనేవారు. కొందరు "సదువులేనోల్లతోని గింతే మేడమ్" అనేవారు. నేను రెండు బారల దూరంలో మైనం తొట్టి మూత తుడుస్తూ ఉండేదాన్ని. తుడిచిన మూతనే మళ్లీ తుడిచేదాన్ని. ఆ కథలో యూట్యూబ్ అబద్ధమని ఆ గదిలో నాకొక్కదానికే తెలుసు. బంతి పిసకమన్నది నేను.

పంజగుట్ట మెయిన్ రోడ్డు వెనక సందులో, రెండో అంతస్తులో ఉంటుంది ఆ గది. అక్కడ చేతులకు మాత్రమే వైద్యం. మెషిన్‌లో వేళ్లు పడ్డవాళ్లు, బండి మీద నుంచి పడి మణికట్టు విరిగినవాళ్లు, పక్షవాతం వచ్చి పిడికిలి విప్పలేనివాళ్లు వస్తారు. ఊడ్చి తుడవడం, నీళ్లు వేడి చేయడం, బిగుసుకున్న చేతులు ముంచడానికి మైనం కరిగించడం, రాజ్మా గింజల టబ్బు బల్ల మీద పెట్టడం నా పని. కుట్లు మానాక చర్మం మొద్దుబారితే ఆ గింజల్లో చెయ్యి ముంచి తిప్పాలి. అంతకు ముందు ఇళ్లలో గిన్నెలు తోమిన నాకు ఇది పెద్ద నౌకరీ. చేరేరోజు "ఏం చదువుకున్నారమ్మా?" అని మేడమ్ అడిగితే "ఏడో తరగతి" అన్నాను. సంతకం వచ్చు నాకు. అదొక్కటే వచ్చు, ముగ్గు నేర్చుకున్నట్టు నేర్చుకున్నాను. చుక్క ఎక్కడ మొదలుపెట్టాలో, చెయ్యి ఎటు తిప్పాలో తెలుసు. అందులో ఏ అక్షరం ఏదో తెలియదు.

మేడమ్‌ది కాకినాడ వైపు. ఎవరినైనా మీరు అనే పిలుస్తుంది. నేను చెప్పింది నమ్మింది.

ఇంటికి వెళ్లి ఏం చేయాలో రాసిన కాగితాలు నాకు రంగును బట్టి తెలిసేవి. ఆకుపచ్చ కాగితం టెండన్ కొత్తగా కుట్టినవాళ్లకి. దెబ్బ తగిలిన చేతి వేళ్లు తమంతట తాము ముడుచుకోకూడదు, బాగున్న చేత్తోనే మెల్లగా ముడిచి వదలాలి. గులాబీ కాగితం చివర్లో ఇచ్చేది. అందులో బంతి పిసకడం, బట్టల క్లిప్పులు నొక్కడం ఉంటాయి. మేడమ్ ఎన్నోసార్లు చెబుతుంటే విని రెండూ నోటికొచ్చాయి. ముసలివాళ్లు, చత్వారం ఉన్నవాళ్లు కాగితం నా చేతిలో పెట్టి చదవమంటే రంగు చూసి గడగడ చెప్పేదాన్ని. మధ్యలో వేలితో వరసలు కూడా చూపించేదాన్ని. "నీకు డాక్టరమ్మకున్నంత తెలుసు" అని ఒక పెద్దమనిషి అంటే ఆ రోజంతా అదే తలుచుకున్నాను.

మేడమ్ కథలోని ఆ కుర్రాడు ఆరేళ్ల కిందట వానాకాలంలో వచ్చాడు. ముప్పై ఏళ్లు ఉంటాయేమో. అమీర్‌పేటలో ఒక సందులో మగ్గం పని. చెక్క చట్రానికి బట్ట బిగించి, కింద ఒక చెయ్యి పైన ఒక చెయ్యి పెట్టి, జరీ పూలు కుడతారే, అది. గాజు గ్లాసు కడుగుతుంటే చేతిలోనే పగిలి కుడిచేతి చూపుడువేలు, మధ్యవేలు ముడవడానికి ఉండే టెండన్లు తెగాయి. ఇంట్లో దక్కనీ మాట్లాడతారు, మాతో తెలుగు. నన్ను మొదటిరోజే ఖాలా అన్నాడు. వాళ్లలో చిన్నమ్మను అలా పిలుస్తారు.

"ఖాలా, గీ పట్టీ తీసి జర గోక్కుంట, ఒక్క నిమిషం."

"తీస్తే మేడమ్ నీ వీపు గోకుతది."

"ఆమె గోకితే సుత ‘మీరు, మీరు’ అనుకుంటనే గోకుతది గద" అని నవ్వేవాడు.

పట్టీ ఒక్కరోజు కూడా తీయలేదు అతను. ఇది నేను చెప్పి తీరాలి. మేడమ్ కథలో అతను మాట వినని మనిషి. నేను చూసినవాళ్లలో అంత బుద్ధిగా మాట విన్నవాడు లేడు. లెక్క తప్పకుండా గంటకోసారి ఆ చేత్తో ఈ చేతి వేళ్లు ముడిచేవాడు. ఎదురుచూసే కుర్చీలో కూర్చుని ఎడమచేత్తో గాలిలో కుట్టేవాడు, పని మరిచిపోతానేమోనని.

ఐదో వారం మేడమ్ అతని పట్టీ విప్పి చూసి సంతోషపడింది. "ఈ రోజు నుంచి మీకు కొత్త కాగితం" అంది. నిజంగానే కొత్త కాగితం అది. ఆకుపచ్చకీ గులాబీకీ నడుమ ఒకటి ఉంటే మంచిదని మేడమ్ ఆ వారమే రాసింది. అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్ల కింద ఉన్న జిరాక్స్ షాపుకి పోయి కాపీలు తీయించి తెచ్చింది నేనే. రంగు కాగితాలు అయిపోయాయని తెల్లవాటి మీద తీసిచ్చారు. రంగు లేకపోతే ఏముందిలే, పైన రాసే ఉందిగా అంది మేడమ్. నేను కూడా తలూపాను.

అతను బయటికి వచ్చేసరికి లోపల ఇంకో పేషెంటు కూర్చుంది. అతను ఆ తెల్ల కాగితం నాకు అందించాడు.

"ఖాలా, మేడమ్ జల్ది జల్ది చెప్పింది. నాకు ఉర్దూ వస్తది గాని తెలుగు సద్వరాదు. జర సదివి చెప్పుండ్రి."

కాగితం రెండు చేతులా పట్టుకున్నాను. రంగు లేదు. ఒక్క క్షణం లోపలికి వెళ్లి మేడమ్‌ని అడగొచ్చు. అడిగితే, మీరే చదివి చెప్పండమ్మా అంటుంది. ఆకుపచ్చ అయిపోయింది కాబట్టి తర్వాతిది గులాబీయే అనుకున్నాను. నాకు తెలిసిన వరుస అదే. గొంతు సవరించుకుని, వేలితో వరసలు చూపిస్తూ చదివాను.

"స్పాంజి బంతి తీసుకోవాలె. పొద్దున పదిసార్లు, మధ్యాహ్నం పదిసార్లు, రాత్రి పదిసార్లు పిసకాలె."

"బంతా?" అని ఆశ్చర్యపోయాడు. "గట్టిగనా, మెల్లగనా?"

అది కాగితంలో ఉందో లేదో నేనెలా చెప్పగలను? కానీ నా నోరు ఆగలేదు. "గట్టిగనే పిసుకు కొడుకా. ఎంత పిసికితే అంత జల్ది మగ్గం ఎక్కుతవ్. ఇన్నేండ్ల సంది చూస్తలేనా నేను."

అతని ముఖం వెలిగిపోయింది. దారిలోనే బంతి కొనుక్కుంటానని మెట్లు దిగి పరిగెత్తాడు.

నాలుగు రోజులకి తిరిగొచ్చాడు. చెయ్యి ఛాతీకి ఆనించుకుని ఉన్నాడు. మేడమ్ చూపుడువేలి మధ్య కణుపు పట్టుకుని "కొస ముడవండి" అంది. ముడవలేదు. మళ్లీ అంది. అతను పళ్లు బిగించాడు, మెడ నరాలు పొంగాయి, వేలు మాత్రం కడ్డీలా నిలబడింది.

"ఏం చేశారు?"

"బంతి పిసుకుతుంటే లోపట టప్పుమన్నది మేడమ్."

మేడమ్ కుర్చీలోంచి లేచింది. "బంతి పిసకమని ఎవరు చెప్పారు నీకు?" ఆమె నోట నువ్వు అన్న మాట వినడం నాకు అదే మొదటిసారి. "కాగితం ఏది? నేనిచ్చిన కాగితం?"

జేబులో నుంచి తీసిచ్చాడు. ఎంత జాగ్రత్తగా నాలుగు మడతలు పెట్టుకున్నాడో! మేడమ్ దాన్ని విప్పి అతని ముఖం ముందు పెట్టి, ఒక్కొక్క మాటా ఒత్తి చదివింది. "వేళ్లు వాటంతట అవే మెల్లగా ముడిచి తెరవాలి. చేతిలో ఏ వస్తువూ పట్టుకోకూడదు. బంతి పిసకకూడదు. ఇక్కడే రాసి ఉంది! కింద గీత కూడా కొట్టాను!"

నేను మైనం తొట్టి దగ్గర ఉన్నాను. అతను నా వైపు చూశాడు. ముందు అర్థం కాలేదు అతనికి. తర్వాత అర్థమైంది. అర్థం కావడం నాకు కనిపించింది. కనుబొమలు పైకి లేచి, మెల్లగా కిందికి దిగాయి. నేను కళ్లు దించుకున్నాను. ఇప్పుడు చెబుతాడు అనుకున్నాను. చెబితే బాగుండు అనుకున్నానో, చెప్పకుంటే బాగుండు అనుకున్నానో నాకు తెలుసు. చెప్పకుంటే బాగుండు అనుకున్నాను.

"యూట్యూబ్ల చూసిన మేడమ్" అన్నాడు. "చెయ్యి జల్ది నయమైతదని."

మేడమ్ అతన్ని ఎంతసేపు తిట్టిందో! తిడుతూనే సర్జన్‌కి ఫోన్ చేసింది, తిడుతూనే కొత్త పట్టీ కట్టింది. మళ్లీ ఆపరేషన్ అయింది. మధ్యవేలు దక్కింది. చూపుడువేలు మొదలు దగ్గర వంగుతుంది, కొస వంగదు. కుడిచేతి చూపుడువేలు వంగకపోతే మగ్గం సూది నిలవదు.

ఆపరేషన్ అయిన వారానికి అతని దుకాణం వెతుక్కుంటూ అమీర్‌పేట పోయాను. సందులో మెట్లెక్కితే చిన్న గది. మగ్గం గోడకు నిలబెట్టి ఉంది. అతను కింద కూర్చుని ఎడమచేత్తో సంచిలో మెరిసే చమ్కీలు రంగుల వారీగా విడదీస్తున్నాడు.

"రేపు మేడమ్‌కు చెప్పేస్త కొడుకా" అన్నాను.

"ఎందుకు? చెప్తే నా వేలు మల్లొస్తదా? మీ నౌకరీ పోతది. గప్పుడు ఇద్దరం ఖాళీగ కూసోవాలె." చమ్కీల మీద నుంచి తల ఎత్తలేదు. ఒక ఎర్ర చమ్కీ పక్కకు తీసి అన్నాడు, "గాని ఒక్క మాట ఖాలా. నాకు సుత తెలుగు సద్వరాదు. నేను రాదని చెప్పిన. రాదని చెప్పనీకి మీకేమొచ్చింది?"

కొంగు సర్దుకుని లేచాను. చాయ్ తెప్పిస్తానన్నాడు, వద్దని వచ్చేశాను. దారిలో ఏడుస్తున్నాను కానీ, గుండెలో ఒక మూల బరువు దిగినట్టుంది. అతనే వద్దన్నాడు కదా అనుకున్నాను. ఆ మాట పట్టుకుని ఆరేళ్లు గడిపాను. వద్దని అతను అనడానికి ముందే, చెప్పకూడదని నేను అనుకున్నానని ఎవరికి తెలుసు?

ఆ నెలలోనే అక్షరాలు మొదలుపెట్టాను. అప్పటికి యాభై దాటాయి. బల్కంపేటలో మా సందులో ఆడపిల్లల హాస్టల్ ఉంది. ఉద్యోగాల పరీక్షలకు చదువుకునే ఒక పిల్ల సాయంత్రాలు మెట్ల మీద కూర్చునేది. దానికి నేను జొన్నరొట్టె చేసి పెట్టేదాన్ని, అది నాకు తన పాత జిరాక్స్ కాగితాల వెనక వైపు రాయించేది. "అమ్మమ్మా, ళ రాయమంటే జిలేబి చుట్టినవ్. తింటవా, చెరిపేస్తవా?" అనేది. వేళ్లు నొప్పిపుట్టేవి. పెన్ను పట్టిన చూపుడువేలు ఎన్నిసార్లు వంగుతుందో, ఎంత సన్నగా వంగుతుందో అప్పటిదాకా గమనించలేదు. ప్రతి అక్షరం దగ్గరా అతని వేలు గుర్తొచ్చేది. రెండేళ్లకి బస్సు బోర్డులు, నాలుగేళ్లకి పేపరు చదివాను. గదిలో కాగితాలు ఇప్పుడు నిజంగానే చదివి చెబుతున్నాను. ఎవరికీ తేడా తెలియలేదు. అదే నన్ను ఇంకా భయపెట్టింది.

కథ మాత్రం ఆగలేదు. ఏడాది ఏడాదికీ పెరిగింది కూడా. మొదట్లో బుద్ధిమంతుడే కానీ తొందరపడ్డాడు అనేది మేడమ్. తర్వాత తర్వాత అతను మొండివాడయ్యాడు, ఎంత చెప్పినా విననివాడయ్యాడు. ఆమె తప్పేం లేదు. అతన్ని తిట్టినప్పుడు ఆమె గొంతులో ఇప్పటికీ బాధ ఉంటుంది.

మొన్న బోనాలకు ముందు, మేడమ్ కాగితాలన్నీ మార్చి పెద్ద అక్షరాలతో కొత్తగా రాసింది. మధ్యాహ్నం పేషెంట్లు లేని వేళ నన్ను కూర్చోబెట్టి, "పైకి చదవండమ్మా. మీకు అర్థమైతే అందరికీ అర్థమైనట్టే" అంది.

చదువుతూ పోయాను. పట్టీ తీయకూడదు. తడపకూడదు. చివర చుట్టూ గీతలు గీసిన పెట్టెలో వేరుగా ఒక ముక్క ఉంది. "గమనిక. మేము చెప్పింది పెడచెవిన పెట్టి, యూట్యూబ్ చూసి బంతి పిసికిన ఒక మగ్గం పనివారు..."

ఆగిపోయాను.

"ఏంటి, అక్షరాలు చిన్నవైపోయాయా?"

"గిది నిజం కాదు మేడమ్."

"ఏది?"

నోటి మాటగా ఉన్నంతకాలం ఓర్చుకున్నాను. రాసి ఉన్న అబద్ధాన్ని నేనే పైకి చదివి వినిపించలేకపోయాను. చెప్పేశాను. ఏడో తరగతి అబద్ధం దగ్గర మొదలుపెట్టి, గట్టిగనే పిసుకు కొడుకా అన్నదాకా చెప్పాను. ఆ ఒక్క మాట చెప్పకుండా దాటేయొచ్చు. దాటేయలేదు.

మేడమ్ వేళ్ల వంపు కొలిచే పరికరాన్ని చేతిలో తెరుస్తూ మూస్తూ ఉంది. "నా ముందే ఉన్నారు మీరు" అంది చివరికి. "ఆరేళ్లు. ప్రతిసారీ నా ముందే ఉండి విన్నారు." ఆ తర్వాత రెండు రోజులు పనికి తప్ప నాతో మాట కలపలేదు. పొమ్మంటే పోవడానికి సిద్ధమై, మైనం తొట్టి శుభ్రంగా కడిగి పెట్టాను. మూడో రోజు పొద్దున వచ్చి, సంచి భుజాన ఉండగానే అడిగింది. "ఆ కుర్రాడు ఇంకా అక్కడే ఉంటాడా?"

అదే మెట్లు ఎక్కాం. మగ్గాల మీద ఇద్దరు మనుషులు కుడుతున్నారు. అతను మాత్రం నేల మీద జాకెట్ గుడ్డ పరిచి, చిల్లులు పొడిచిన డిజైన్ కాగితం దాని మీద పెట్టి, చాక్‌పొడి రుద్దుతున్నాడు. పూలు అచ్చు పడుతున్నాయి. కుట్టేది ఇంకొకరు. గడ్డంలో తెల్లవెంట్రుకలు వచ్చాయి. మేడమ్‌ని చూసి లేచి నిలబడ్డాడు, నా ముఖం చూసి నవ్వాడు.

"చెప్పేసిన్రా ఖాలా? ఆరేండ్లు పట్టిందా?"

మేడమ్ అతని కుడిచెయ్యి తీసుకుంది. అలవాటు ప్రకారం ఒక్కో వేలూ కణుపు కణుపూ పట్టి వంచి చూసింది. చూపుడువేలి దగ్గర ఆగింది. "ఆరేళ్లుగా మిమ్మల్ని అందరి ముందూ తిడుతూనే ఉన్నానండీ" అంది.

"మల్ల ‘మీరు’ అంటున్నరు, చాలు మేడమ్" అన్నాడు. "నేను లేనప్పుడు తిట్టిన తిట్లు నాకేం తాకుతయ్?" చాయ్ తెప్పించాడు. ఈసారి వద్దనలేదు నేను. గ్లాసు అతను చూపుడువేలు పక్కకు నిలబెట్టి మిగతా వేళ్లతో పట్టుకున్నాడు. నేను చదువు నేర్చుకున్న సంగతి మేడమ్ అతనికి చెప్పింది.

జాకెట్ గుడ్డకు గుండుసూదితో గుచ్చిన చీటీ ఒకటి ఉంది. ఎవరో ఆమె తనకేం కావాలో తెలుగులో రాసిచ్చింది. అతను దాన్ని తీసి నా ముందు పెట్టాడు.

"మీకిప్పుడు సద్వొస్తదట గద ఖాలా. సదువుండ్రి."

అద్దాలు పెట్టుకుని, ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివాను. "చేతుల అంచుకు నెమళ్లు వద్దు. మామిడి పిందెలు చాలు."

అతను తలూపాడు. చీటీ నా చేతిలోంచి తీసుకుని మేడమ్ వైపు చాపాడు.

"కరెక్టే సదివిందా మేడమ్?"

నవ్వుతూనే అడిగాడు. మేడమ్ చీటీ చూసి, కరెక్టే అంది. అప్పుడు గానీ అతను ఆ చీటీని మళ్లీ గుడ్డకు గుచ్చలేదు.